‘వదులు’ అను మాటపై జరిగిన రేవు యుద్ధము

ఓ గాలీ, నీకొక దండము. నీవు మాకు అనుకూలముగా వీచినపుడు ఒక దండము. అసలు వీచక మమ్ములను మా మానాన విడిచినపుడు రెండు దండములు. ఇనుమును తిని, ఇత్తడిని నాకి, చెక్కను నమిలి, మనిషి ఓర్పును మాత్రము ఇంకను మ్రింగలేక పుక్కిట పట్టి తిరుగుచున్న ఓ ఉప్పునీరా, నీకును దండము. ఇక పలుకులకు అధిదేవతయైన తల్లికి పెట్టవలసిన దండము నేను పెట్టను. ఆమె ఈ కథలో ఒకే ఒక్క మాట దగ్గర మా కథానాయకుని నట్టేట ముంచినది. ఆ మాట యేదో కొద్దిసేపటిలో మీకే తెలియును.

అది ఆదివారము. పగలు పదకొండు గంటల పది నిముషములు. సూర్యుడు నడినెత్తికి ఎగబ్రాకుచుండగా, సముద్రపు పక్షులు ఏ పడవను నిన్ననే కడిగిరో వెదకి వెదకి దానిపైననే రెట్ట వేయుచుండగా, నూట పన్నెండు పడవలు పండ్లు నూరునట్లు తమ తాళ్ళను తామే కిఱ్ఱుమని లాగుకొనుచుండగా, నీటిపై తేలు మూడవ చెక్కబాట చివర ఇరువది ఏడవ స్థానము ఖాళీగా నోరు తెరచుకొని ఎదురుచూచుచుండగా, ఆ నోటిలోనికి క్షేమముగా తిరిగి చేరవలెనను ఒకే ఒక్క కోరికతో, ముప్పది నాలుగు అడుగుల పొడవును ముప్పది యారేండ్ల వయస్సును గలిగి, ఇప్పటికి నలుగురు యజమానుల తిట్లు తిని అరిగించుకొన్న ‘అభయ’ అను తెరచాప పడవ, మూడుసార్లు దగ్గి, ఒకసారి నల్లని పొగ విడిచి, రేవు ముఖద్వారమున ప్రవేశించెను.

పేరు అభయయే. కాని వెనుక భాగమున అంటించిన అక్షరములలో మొదటిది రెండేండ్ల క్రిందటనే ఎండకు ఎండి ఊడిపోవుటచే, చదువువారికి ‘భయ’ అని మాత్రమే కనబడును. యజమాని దానిని సరిచేయబోగా ఆయన భార్య వారించి, “ఉంచండి, ఇప్పుడే తప్పుల్లేకుండా ఉంది” అని తీర్పు చెప్పెను. అక్షరముల విషయమున ఆమె తీర్పును కాదనగలవాడు ఆ రేవులో లేడు.

పాత పడవ ఎప్పుడూ కొననివారు ఈ కథ వింటూ ఉంటే, వారికి ముందుగా నా అభినందనలు. పడవ చిన్నదైతే ఒడ్డుకు ఈడ్చుకుపోవచ్చు. పెద్దదైతే పనివాళ్ళను పెట్టుకోవచ్చు. ఈ మధ్యరకం ఉంది చూశారూ, ఇది ఒకరి చేతికి పెద్దది, ఇద్దరి కాపురానికి చిన్నది. లోపల నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే మోకాలు తగులుతుంది, పడుకుంటే కప్పునుంచి ఒక చుక్క సరిగ్గా ఎడమ చెవిలో పడుతుంది. ఆ చుక్క ఎక్కడినుంచి వస్తున్నదో మూడేళ్ళుగా ఎవరూ కనుక్కోలేకపోయారు. వానలేని రోజున కూడా పడుతుంది. మరుగుదొడ్డి పంపు ఇరవై రెండుసార్లు కొడితేగాని పని పూర్తి చేయదు. ఇరవై ఒకటి దగ్గర ఆపినవాడు తరువాత చాలా బాధపడతాడు. ఇక రివర్సు గేరు సంగతి యుద్ధ సమయంలో చెబుతాను, ఇప్పుడే చెబితే మీరు లేచి వెళ్ళిపోతారు.

ఇట్టి పడవకు అధిపతి ఎవ్వరనగా, దవడదుర్గభేదనుడు, పుచ్చుపండ్ల పాలిటి ప్రళయకాలరుద్రుడు, ముప్పది సంవత్సరములు పరుల నోళ్ళలో చేతులు పెట్టియు ఒక్క వేలైనను పోగొట్టుకొనని ధీరుడు, దంతవైద్యుడు. ఆయన ఈ పడవను మొదట చూచిననాడు దాని అడుగుభాగమును తన జేబులోని సన్నని కొక్కెముతో గోకి చూచి, “దీన్ని పీకక్కర్లేదు. ఫిల్లింగు చేస్తే ఇంకో ఇరవై ఏళ్ళు వస్తుంది” అనెను. అది మొదలు ఆయన ఆదివారములన్నియు ఫిల్లింగులకే చెల్లినవి. ఇంజను వెనుక ఏముందో చూచుటకు పండ్లు చూచు చిన్న అద్దమును, పగుళ్ళలో మట్టి తీయుటకు క్లినిక్కులో అరిగిపోయిన పనిముట్లను వాడెడి నావికుడు ఈ భూమండలమున ఆయన యొక్కడే. పని చేయునప్పుడు పడవతో, “నొప్పి ఉంటే చెయ్యెత్తండి” అని కూడ అనునని రేవులో చెప్పుకొందురు. అది నిజమో కాదో నేను విచారించలేదు. నిజమైతే బాగుండునని మాత్రము నా కోరిక.

ఆయన అర్ధాంగి అరుణలేఖినీధారిణి. అనగా ఎర్రకలము పట్టునది. పుస్తకములు అచ్చుకు పోకముందు తప్పులు దిద్దు ప్రూఫురీడరు. ఒత్తు లేని ‘ధ’ను ఆమడ దూరమునుండి పసిగట్టును. శుభలేఖ వచ్చినచో పెండ్లి తేదీ చూడకముందే సంధులు చూచును. ఒకసారి ఆస్పత్రిలో స్పృహ వచ్చీ రాగానే మంచము తలాపున వ్రేలాడు అట్టమీద తన పేరులో దీర్ఘము లేదని నర్సును పిలిచిన వీరనారి.

వీరిద్దరికి ప్రక్కనున్న మూడవవాడు శ్వేతశిరస్త్రాణుడు. రేవులో అందరూ తెల్లటోపీ అంటారు. ఆయన ఏ నౌకాదళంలోనూ పనిచేయలేదు. ఫ్రిజ్‌ల దుకాణం నడిపి, మానుకుని, పడవతోపాటు టోపీ కూడా కొన్నాడు. ఆయన పడవ కొత్తది; మీట నొక్కితే పీతలాగా పక్కకు జరుగుతుంది. అందువల్ల ఆయనకు ఇతరుల పడవలు ఎలా నడపాలో బాగా తెలుసు. ఇరవై ఏడో స్థానానికి ఎడమ పక్క దిగడానికి సన్నని చెక్కబాట ఉంది. కుడిపక్క బాటా లేదు, గోడా లేదు. బారెడు నీళ్ళు, ఆ నీళ్ళకు ఆవల తెల్లటోపీ గారి తళతళలాడే పడవ. గాలి ఎప్పుడూ ఎడమనుంచే వీస్తుంది. ఇంతకంటే భూగోళం మీకు అక్కర్లేదు.

ఇక యుద్ధకారణము.

గత మాసమున ఇట్లే ఒక ఆదివారము, అభయ తన స్థానమున ప్రవేశించుచుండగా, ఆ యిల్లాలు తాడు చేతబట్టి ఎడమ చెక్కబాటపైకి దుమికి, అచ్చట తాడు చుట్టుటకు బిగించిన ఇనుపకొమ్మునకు ఒక చుట్టు చుట్టి, భర్త ఆజ్ఞకై చెవి నిక్కించి నిలిచెను. తాడు మరీ బిగిసినదని గ్రహించిన దంతవైద్యుడు గొంతెత్తి ఒకే మాట పలికెను. “వదులు!”

ఆమె వదిలెను.

బంధవిముక్తయైన అభయ గాలికి ఒరిగి, తిన్నగా పోయి, తెల్లటోపీ గారి పడవను ఆప్యాయముగా ఒరసికొని, దాని తెల్లని మేనిపై పండ్లు తోము బ్రష్షంత పొడవు గీత నొకదానిని గీసెను. ఆ గీత రెండు దినములలో మాయమైనది. అయినను అది యుండిన చోటును తెల్లటోపీ నేటికిని వచ్చిపోవువారికి వ్రేలితో చూపుచునే యున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన సంవాదం అలంకారాలు పెట్టకుండా చెబుతాను. వాటికి అలంకారాలు అక్కర్లేదు.

“నేను వదులు అన్నానుగానీ, వదిలెయ్యమన్నానా?”

“వదులు అంటే ఏంటండీ? క్రియా? విశేషణమా?”

“పడవ మీద వ్యాకరణమేంటి?”

“క్రియ అయితే విడిచిపెట్టమని. విశేషణమైతే లూజని. ‘వదులు చెయ్యి’ అనుంటే లూజు చేసేదాన్ని. మీరు ఉత్త ‘వదులు’ అన్నారు. ఉన్నది ఉన్నట్టు చదివాను, చదివినట్టు చేశాను.”

“క్లినిక్కులో రోజుకి యాభైసార్లంటాను. దవడ వదులు, దవడ వదులు అని. ఒక్కరికైనా తప్పుగా అర్థమైందా?”

“వాళ్ళకి దవడ వదిలెయ్యడం కుదరదు కాబట్టి.”

ఆమే గొంతు తగ్గించి అన్నది: “నలుగురిలో నా మీద అరిచారు చూడండి, అది నాకు నచ్చలేదు. ఇంకొక్కసారి వస్తాను. ఎవరి పడవకీ గీత పడకుండా వెళ్ళి రావాలి. పడిందా, ఇంక నన్ను ఎక్కమని అడగొద్దు. మీరొక్కరే తిప్పుకోండి.”

ఈ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వచ్చే నెలలో పన్నెండు రోజులు క్లినిక్కు మూసి, దీవుల చుట్టూ తిరిగి రావాలని ఆయన ఏడాదిగా అనుకుంటున్నాడు. ఒంటరిగా కాదు. ముప్ఫై ఏళ్ళు ఆయన ఎదుట ఎవరిదో ఒక తెరిచిన నోరు, ఆమె ఎదుట ఎవరిదో ఒక తప్పుల కాగితం. రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ మాట్లాడుకునేది గ్యాసు సిలిండరు గురించి, కుళాయి గురించి. నోరూ కాగితమూ లేని చోట పన్నెండు రోజులు ఆమెతో కూర్చోవాలన్నది ఆయన కోరిక. ఆమె రాకపోతే ఆయనకు సముద్రం అక్కర్లేదు, ఈ పడవ అసలే అక్కర్లేదు. ఈ సంగతి ఆయన పడవతో చాలాసార్లు చెప్పాడు. ఆమెతో ఎన్నడూ చెప్పలేదు.

కావున మన కథ జరుగు ఆదివారము ఉదయము ఏడు గంటలకు, భోజనాల బల్లపై, అక్షరదుర్గాధీశ్వరియైన ఆమె యధ్యక్షతన ఒక సంధి కుదిరెను. తెల్లకాగితముపై ముద్దు ముద్దు అక్షరములతో ఆమె మూడు మాటలు వ్రాసెను: బిగించు. సడలించు. విడిచిపెట్టు. వాని క్రింద ‘వదులు’ అని వ్రాసి, దానిని ఎర్రకలముతో కొట్టివేసి, ప్రక్కన రెండు అడ్డగీతలు కూడ గీసెను.

“ఈ మాట ఈవేళ మన నోట్లోంచి రాకూడదు. వచ్చిందా, ఏ అర్థమని నేను అడుగుతాను. అడిగాక మీరు చెప్పాలి.”

“రాదులే.”

“‘రాదులే’ కాదు. ఏదీ, మూడూ ఒకసారి చదవండి.”

ఆయన చదివెను. ఆమె ఇంకొకసారి చదివించెను. పిమ్మట ఆ సంధిపత్రము చుక్కాని చక్రము ప్రక్కన, నీరు తగులకుండ, ప్లాస్టిక్కు కాగితములో అంటింపబడెను.

తొమ్మిది గంటలకు బయలుదేరిరి. ఆ రెండు గంటల ప్రయాణము గురించి చెప్పుటకు నాబోటివానికి ఏమియు లేదు, ఏలయన అది చక్కగా జరిగినది. మధ్యలో ముందు తెరచాప తాడు ఒకసారి గిలకలో చిక్కుకొన్నది. ఆమె దాని నడుము పట్టి ఒక్క కుదుపు కుదిపెను, వచ్చినది. గాలికి ఆమె కొంగు ఎగిరి ఆయన ముఖమును కప్పగా, ఆయన చక్రము విడువలేక, కొంగు తీయలేక, గ్రుడ్డివానివలె కొంతసేపు పడవ నడిపెను. ఆమె నవ్వెను. బిస్కట్లు తినిరి. కథకు పనికివచ్చు ఆపద ఒక్కటియు రాలేదు. నాకు విసుగు పుట్టినది గాని, వారిద్దరికి పుట్టలేదు.

ఇప్పుడు రేవు ముఖద్వారమునకు తిరిగి వత్తము. అచ్చట గాలి హెచ్చెను. ఒడ్డున జెండాలన్నియు ఎడమనుండి కుడికి కఱ్ఱలవలె నిలిచెను. దానిని చూచిన దంతవైద్యకులతిలకుడు చక్రమును రెండు చేతులతో బిగియబట్టి, మీసము లేకపోయినను ఉన్నచోటు దువ్వి, దిక్కులు పిక్కటిల్లునట్లు ఇట్లు గర్జించెను:

“ఓరీ ప్రభంజనమా! ఎగుడు పండ్లను దిగుడు పండ్లను ఏకము చేసిన ఈ హస్తమునకు, వంకర తిరిగిన జ్ఞానదంతములను వేళ్ళతో సహా పెకలించిన ఈ మణికట్టునకు, నీవెంత, నీ విసురెంత? నేడు నా ఎడమ చెంపపై నీవు వేయి దెబ్బలు కొట్టుదువు గాక, నా కుడి ప్రక్కనున్న ఆ శ్వేతనౌకపై నా నీడయైనను పడనిత్తునా? పడనీయను!”

కవిధర్మం కాబట్టి అలా రాశాను. ఆయన నిజంగా అన్నది ఇది: “గాలి కొంచెం పెరిగినట్టుంది కదూ?”

“పెరిగింది.”

“బయటికెళ్ళి కాసేపు ఆగి వద్దామా?”

“ఆగితే తగ్గుతుందని ఎవరైనా రాసిచ్చారా? పదండి.”

అంతట రేవున కలకలము పుట్టెను. పడవలు కడుగుకొనువారు బ్రష్షులు దించిరి. రంగులు వేయుకొనువారు డబ్బాలకు మూతలు పెట్టిరి. ఇతరుల కష్టము చూచుటలో నావికులకున్న శ్రద్ధ మరి ఏ జాతికిని లేదని నేను ప్రమాణము చేసి చెప్పగలను. తెల్లటోపీ తన మడతకుర్చీనుండి లేచి, కాఫీ కప్పును భద్రమైన చోట నుంచి, గాలి నింపిన రబ్బరు బుడ్డలు నాలుగింటిని తాకిడికి అడ్డుగా తన పడవ ప్రక్కన వ్రేలాడదీసి, ఐదవదానిని చంకన బెట్టుకొని, కొక్కెపు కఱ్ఱను శూలమువలె ధరించి నిలిచెను.

“నిదానంగా రండి డాక్టరు గారూ. కంగారేం లేదు. నేనిక్కడే ఉన్నాను.”

“అదే కదా మా కంగారు” అని ఆమె పండ్ల సందున అనుకొనెను. తాడు చేతబట్టి ఎడమ అంచున నిలిచెను. అప్పుడు ఆమె ముఖములో కనబడిన నిశ్చయమును వర్ణించుటకు నాకు చేతకాదు. పరీక్ష వ్రాయబోవు పిల్లది కాదు, పరీక్ష పెట్టబోవు పంతులమ్మ ముఖము అట్లుండును.

అభయ మలుపు తిరిగెను. ఇరువది ఏడవ స్థానము ఎదుట నిలిచెను. తిన్నగా చొచ్చెను. ఇంతవరకు బ్రహ్మాండము. ఆమె అంచునుండి చెక్కబాటపైకి అడుగు వేసెను. దుముకలేదు, మెట్టు దిగినట్లు దిగెను. తాటిని ఇనుపకొమ్మునకు ఒక చుట్టు చుట్టెను. ఇక పడవ ఆగవలెను. ఆగుటకు రివర్సు గేరు వేయవలెను.

ఆ గేరు సంగతి చెబుతానన్నాను. అభయ రివర్సు గేరు వేస్తే వెంటనే వినదు. మూడు క్షణాలు ఆలోచిస్తుంది. ఆ తరువాత ఒప్పుకుంటుంది గాని, ఒప్పుకుంటూ ఒప్పుకుంటూ తోకను కుడివైపు విసురుతుంది. ఎన్నో ఏళ్ళు కాపురం చేసినవాళ్ళకు ఈ రకం ఒప్పుకోలు తెలుస్తుంది.

ఆయన గేరు వేసెను. ఒకటి. రెండు. మూడు. ఇంజను కడుపులో ఏదో కదిలినట్లు గుఱ్ఱుమని, పడవ వెనుక భాగము ఎడమ గాలి తోడ్పాటుతో కుడివైపునకు, శ్వేతనౌకవైపునకు, మెల్లమెల్లగా, తప్పించుకొనుటకు వీలులేని మెల్లదనముతో జరుగసాగెను. తాడు బిగిసెను. బిగిసిన తాడు పడవ నడుమును ఎడమకు లాగుచుండగా దాని తోక కుడికి పోవుచుండెను. బారెడు దూరము మూరెడయ్యెను.

ఈ తాడు కొంచెము సడలినచో పడవను నిటారు చేయవచ్చునని దంతవైద్యునికి తోచెను. తోచిన వెంటనే, ఏడు గంటల సంధి గాలిలో కలిసిపోగా, రెండుసార్లు చదివిన మూడు మాటలు మెదడులో ఎచ్చటనో పడిపోగా, ముప్పది యేండ్లుగా రోజునకు యాభైసార్లు పలికి పలికి నాలుకపై కాయకాచిన ఆ నిషిద్ధపదము, ఆయన అనుమతి లేకుండనే, ఆయన నోటినుండి వెలువడెను.

“వదులు!”

మఱుక్షణమున కుడివైపునుండి తెల్లటోపీ కూడ గొంతు కలిపెను. “వదులమ్మా, వదులు!”

ఆమె వదిలినచో అభయ మొత్తముగా పోయి పడును. సడలించినచో తోక ఇంకను జరుగును. ఇద్దరు మగవారు ఒకే మాట అరచుచున్నారు. ఆ మాటకు రెండు అర్థములు. రెండింటిలో ఒక్కటియు మంచిది కాదు.

ఆమె వదలలేదు. సడలించలేదు. ప్రూఫులో అనుమానము వచ్చినప్పుడు ఆమె ఏమి చేయునో అదియే చేసెను. ఉన్నదానిని ఉన్నట్లే ఉంచి, రచయితను అడిగెను. తాటిని కొమ్మునకు ఇంకొక చుట్టు చుట్టి, తలయెత్తి, కాగితము మార్జినులో ప్రశ్నార్థకము పెట్టినంత నిదానముగా పలికెను.

“ఏ వదులు?”

మూరెడు జానెడయ్యెను.

ఆయన సంధిపత్రమువైపు చూచెను. మూడు మాటలును అచ్చటనే యున్నవి, చక్కని చేవ్రాతతో, ఒక్క తప్పు లేకుండ. ఏది చదువవలెనో తెలియలేదు. నోరు తెరచెను. క్లినిక్కులో తన కుర్చీలో కూర్చున్నవారు ఎట్లుందురో, నోరు బార్లా తెరచి కప్పువైపు చూచుచు, అట్లే యుండెను. బిగించుమనవలెనా? సడలించుమనవలెనా? ఆయనకు నిజముగా తెలియదు. మూడేండ్లుగా తెలియదు. తెలిసినట్లు అరచుచు నెట్టుకొని వచ్చెను.

ఓ లోకమా, కెప్టెన్లు అనేకులు పుట్టిరి, గిట్టిరి. తుఫానులకు ఎదురేగినవారు కలరు. మునుగుచున్న ఓడపై నిలిచి వందనము చేసినవారు కలరు. కాని నూట పన్నెండు పడవల ఎదుట, తెల్లటోపీ వినుచుండగా, పట్టపగలు, ఇట్టి మాట పలికినవాడు ఎవ్వడైన గలడా?

“నాకు తెలీదు” అన్నాడు ఆయన. “నీకేది సరైందనిపిస్తే అది చెయ్.”

ఆమె ఆయనను ఒక్క క్షణము చూచెను. పిమ్మట మూడవ చుట్టు చుట్టి, చెక్కబాటపై చతికిలబడి, రెండు పాదములను ఇనుపకొమ్మునకు తన్నిపెట్టి, వెనుకకు వాలి, తన అరువది కిలోల బరువును తాటికి అప్పగించెను. ఎడమ కాలి చెప్పు ఊడి నీటిలో పడెను. తాడు సన్నగా పాడెను. ముప్పది నాలుగు అడుగుల అభయ ఒళ్ళంతయు వణకి, ఏమనుకొన్నదో యేమో, ఆగెను.

“ఇంజను ఆపండి” అన్నది ఆమె. ఆయన ఆపాడు.

నీరు చప్పరించిన చప్పుడు. అభయ తోక తెల్లటోపీ గారి పడవ ప్రక్కన వచ్చి నిలిచియుండెను. తాకినదా? తాకలేదా? ఒడ్డునున్నవారు మునిగాళ్ళపై లేచిరి. తెల్లటోపీ తన పడవ అంచున బోర్లపడి, రెండు పడవల నడుమ చేయి దూర్చి, నాలుగు వ్రేళ్ళు కలిపి నిలువుగా పెట్టి చూచెను. చాలసేపు చూచెను. ఎచ్చటనైన తగులునేమో అని ఆయన మనసు వెదకుచుండెనని నా అనుమానము. ఐదవ రబ్బరు బుడ్డ ఆయన చంకనుండి జారి నీటిలో పడెను.

“బెత్తెడు ఉంది” అన్నాడు చివరకు, ఇష్టం లేని మందు మింగినట్టు. “సరిగ్గా బెత్తెడు.”

శత్రువే సాక్షి కాగా ఇంక చెప్పవలసినదేమి? ఎవరో ఒకరు చప్పట్లు కొట్టిరి. మిగిలినవారు తమ బ్రష్షులకు తిరిగి మరలిరి.

ఆయన పడవ దిగి, ఆమె పక్కన చెక్కబాటమీద కూలబడ్డాడు. ఆమె అరచేతుల్లో తాడు అచ్చు ఎర్రగా పడి ఉంది. ఆయన ఒక చెయ్యి తీసుకుని చూశాడు.

“మండుతోందా?”

“కొంచెం.”

“నేనన్నాను కదూ, ఆ మాట.”

“అన్నారు. నేను అడిగాను కూడా.”

“నేను చెప్పలేకపోయాను.”

“చెప్పారుగా. తెలీదన్నారు. మీరు నాతో ఆ మాట అనడం పెళ్ళయ్యాక ఇదే మొదలు.”

ఆయన నీళ్ళవైపు చూశాడు. ఆమె చెప్పు తేలుతూ తెల్లటోపీ గారి పడవ కిందికి పోతున్నది. అప్పుడు, ఏ అలంకారమూ లేకుండా, గొంతు సవరించుకోకుండా, ఆయన అన్నాడు: “నువ్వు రాకపోతే నాకీ పడవ వద్దు. సముద్రం కూడా వద్దు. నీతో కూర్చుని మాట్లాడదామని కొన్నాను దీన్ని. ఇంట్లో మనకి కుదరడం లేదు.”

“మూడేళ్ళ కిందటే చెప్పొచ్చుగా ఆ మాట.”

“రాలేదు.”

“అయ్యో రామా” అన్నది ఆమె మెల్లగా. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఉప్పునీళ్ళే, సముద్రానివో కావో నేను చూడలేదు. “వస్తాను. పన్నెండు రోజులూ వస్తాను. కానీ చక్రం దగ్గర నేనుంటాను. తాడు మీరు పట్టుకోండి.”

“నేనా?”

“మీరే. అరిచే పని నాకు, వినే పని మీకు.”

“మరి నువ్వేమంటావు? బిగించమనా, సడలించమనా? ఆ మూడూ నాకు గుర్తుండవు.”

“మూడూ ఎందుకు, ఒక్కటే చెప్తాను. పట్టుకోండి అంటాను.”

“ఎంతసేపు?”

“పట్టుకుని ఉండండి. వదలమని మాత్రం నేను చెప్పను.”

కావున, ఓ చెక్కబాటలారా, ఓ రెట్టల పక్షులారా, రేవున గల సమస్త పడవలారా, చెవులొగ్గి వినుడు. ఆ ఆదివారము పదకొండు గంటల ముప్పది రెండు నిముషములకు మహాసంగ్రామము ముగిసెను. గెలుచుకొనబడిన రాజ్యము: బెత్తెడు వెడల్పు గల మురికినీరు, అందు తేలుచున్న ఒక బిస్కట్టు కాగితముతో సహా. శత్రుపక్షమున నష్టము రబ్బరు బుడ్డ ఒకటి. స్వపక్షమున నష్టము ఎడమ కాలి చెప్పు ఒకటి. గీతలు పడలేదు. దవడదుర్గభేదనుడు కెప్టెను పదవినుండి దింపబడి, అదే ముహూర్తమున తాడు పట్టువానిగా పట్టాభిషిక్తుడై, ఆ తాటి కొసను రెండు చేతులతో అందుకొని, పడవ కదలకున్నను, గాలి తగ్గిపోయినను, “ఇంక కట్టేశాను కదండీ, రండి” అని ఆమె రెండుసార్లు పిలిచినను, ఇంకను కొంతసేపు దానిని అట్లే పట్టుకొని నిలిచెను.